బరువు మోయని ముక్క

బాలాజీ చేతివేళ్ళు విరగ్గొట్టింది నేనే.

ఆ రోజు వీధి వీధంతా అతని మీద పడింది. ఎవరి తన్ను ఎక్కడ తగిలిందో ఎవరికీ తెలియదు, తెలిసినా చెప్పరు. వేళ్ళ సంగతి మాత్రం నాకు తెలుసు. అతని కుడిచేతిని మా అరుగు రాయి మీద పరిచి అదిమి పట్టుకున్నది నా మరిది గఫార్. ఉలి మీద కొట్టే కొడతితో కొట్టింది నేను. మూడు దెబ్బలు. మూడో దెబ్బకు ఎండిన నర్ది కర్ర చీలినప్పుడు వచ్చే చప్పుడు వచ్చింది.

అప్పటికి నా భర్త చనిపోయి రెండు గంటలు.

మాది ఉదయగిరి. కోట కొండ కింద మా వీధిలో అందరం చెక్కపని వాళ్ళమే. గరిటెలు, చెంచాలు, ఫోర్కులు చెక్కుతాం. నా భర్త లాల్ బాషాకు కూర్చుని చేసే పని మీద మనసు నిలిచేది కాదు. ఎత్తులంటే ఇష్టం. సెల్ టవర్లకు రంగులు వేసే పనికి పోయేవాడు. వింజమూరు, వరికుంటపాడు, ఎక్కడ పిలిస్తే అక్కడికి. మా వీధి చివర ఖాళీ స్థలంలో ఎనిమిదేళ్ళ కిందట లేచిన టవరు మాత్రం తన సొంతమన్నట్టు మాట్లాడేవాడు. నాలుగు కాళ్ళ మీద నలభై మీటర్లు. దాని మొదటి రంగు అతనే వేశాడు. చివరి రంగూ అతనే.

మే నెల, మధ్యాహ్నం మూడు దాటింది. అతను పైన ఎర్ర రంగు వేస్తుంటే పడమటి నుంచి గాలి లేచింది. ముందు దుమ్ము వచ్చింది, తర్వాత దుమ్ములో రేకులు వచ్చాయి. నేను గడపలో నిలబడి దిగమని అరిచాను. దిగుతూనే ఉన్నాడు. సగం దిగాడు.

టవరు చెట్టులా ఒరిగి పడలేదు. కింది కాలు ఒకటి, మనిషి మోకాలు మడిచినట్టు, మధ్యలో వంగింది. అంతే. ఆ కాలు మీద ఉన్నదంతా మెలి తిరిగి కిందికి వచ్చింది. ఇనుము ఇనుమును కొరికిన ఆ చప్పుడు ఇప్పటికీ నా పళ్ళలో ఉంది. మా ఆయన్ని ఆ ఇనుము కింద నుంచి తీయడానికి నలుగురు కావలసి వచ్చారు. దుప్పటి వేసి తీశారు. నన్ను చూడనివ్వలేదు. నేను చూశాను.

సాయంత్రం అయిదుకు ఆత్మకూరు నుంచి మోటారు సైకిల్ మీద బాలాజీ వచ్చాడు. ఈ వైపు టవర్లన్నీ చూసుకునే కంపెనీ ఇంజనీరు, ముప్పై అయిదేళ్ళు ఉండవు. అతను శవం దగ్గరికి రాలేదు. నేరుగా టవరు కాళ్ళ దగ్గరికి పోయి, వంగిన కాలు పొడుగునా చేత్తో తడుముతూ, సెల్లుతో ఫోటోలు తీసుకున్నాడు.

"మనిషి చచ్చి పడుంటే నీకు ఇనుము కావాల్సి వచ్చిందారా!" అని గఫార్ వెనక నుంచి నడుం మీద తన్నాడు.

ఆ తర్వాతది చెప్పాను. దెబ్బలు తింటూ కూడా అతను ఒకటే మాట అరిచాడు. "కింది ముక్కలు ఎవరు తీసినారు? కాళ్ళ మధ్యలో చిన్న ముక్కలు, ఎవరు తీసినారు?" పోలీసులు వచ్చి విడిపించి నెల్లూరు ఆసుపత్రికి తీసుకుపోయే వరకు అదే మాట.

కొట్టిన వాళ్ళ పేర్లు వీధిలో ఎవరూ చెప్పలేదు. గుంపు అని రాసుకున్నారు. కేసు అతని మీదే పడింది. టవరు కింది భాగంలో ఇరవై ఆరు ముక్కలు లేవని, వాటిని బాలాజీ మొదట్లోనే బిగించకుండా బయట అమ్ముకున్నాడని కంపెనీ వాళ్ళు రాసిచ్చారు. నాకు ఆ రాత చాలు అనిపించింది. వాడు జైలుకు పోతే మా ఆయన మట్టిలో నిమ్మళంగా పడుకుంటాడనుకున్నాను.

*

మా కూతురు తమన్నా ఆత్మకూరులో హాస్టల్లో ఉండి సివిల్ డిప్లొమా చదువుతుంది. నలభై రోజుల ఫాతిహా అయిన మర్నాడు సంచి సర్దుకుంటూ అంది.

"ఆ ఇంజనీరును లోపల వేయించాలంటే తిట్లు చాలవమ్మీ. లెక్క కావాల. ఏ ముక్క లేకపోతే ఏ కాలు పోయిందో అంకెల్లో చూపించాల."

"చూపిస్తావా?"

"నేర్చుకుంటా. టవర్ల డిజైను వేరే చదువు, మా క్లాసులో లేదు. నేర్చుకుంటా."

అప్పటి నుంచి ప్రతి ఆదివారం కాగితాల మీద గీతలు గీసుకుని వచ్చేది. ఆ గీతల ప్రకారం నేను సన్నటి పుల్లలు చెక్కి ఇవ్వాలి. నేను కర్ర పెట్టి చెక్కే దిమ్మకు ముందు వైపు ఒక తెల్ల ఇనుప ముక్క బిగించి ఉంటుంది. దానికి ఆనించి చెక్కితే కర్ర జారదు. అలా ఆనించి అగ్గిపుల్ల మందం ఒకటి, దానికి రెండింతలు మందం ఒకటి, వందలు వందలు చెక్కాను. తను వాటిని జిగురుతో అతికి మూరెడు టవరు కట్టేది. దాని నెత్తిన పచ్చడి బండ పెట్టేది. పక్క నుంచి తాడు కట్టి లాగేది. పుల్లలు టప్పున విరిగి బండ నేల మీద పడేది. నేల పగిలిన చోట నేను మట్టి మెత్తుకునేదాన్ని.

"ఎన్ని విరగ్గొడతావే?"

"విరిగితేనే తెలిసేది, ఎక్కడ విరిగిందో."

విరిగిన దాన్ని పారేయదు. ఒళ్ళో పెట్టుకుని వేలితో తడుముతుంది. గాలి ఒక వైపు నుంచి తోస్తే ఆ వైపు కాళ్ళు పైకి లాగుతాయట, అవతలి వైపు కాళ్ళు కిందికి నొక్కుకుంటాయట. గాలి వేగం రెండింతలైతే తోపు నాలుగింతలట. కొండల మీద పెట్టే గాలిమరలకు కాళ్ళు ఉండవు, ఒకటే లావు గొట్టం. అక్కడ గొట్టం రేకు డబ్బా నొక్కినట్టు నలుగుతుందేమో అని చూసుకోవాలట. అవన్నీ చెప్పేటప్పుడు దాని గొంతులో మా ఆయన ఎత్తుల గురించి చెప్పేటప్పటి ఉబలాటం ఉండేది. నాకు అది నచ్చేదీ, కోపమూ వచ్చేది.

"ఎవురే ఇవన్నీ నీకు చెప్తా ఉండేది?"

"ఒక సారు. ఆత్మకూరులోనే."

అంతకు మించి చెప్పలేదు. కార్తె మారి వానలు పడ్డాక ఒక రోజు హాస్టల్లో వంట చేసే మాలకొండమ్మ ఫోన్ చేసింది. "ఏమనుకోబాకు సుగ్రాబీ. నీ బిడ్డ రోజూ సాయంత్రం ఆ చెయ్యి విరిగిన ఇంజనీరు ఇంటికి పోతా ఉండాది. నీకు తెలిసే పోతా ఉండాదా?"

ఫోన్ పెట్టేసి బాడిసను గుడ్డలో చుట్టి సంచిలో వేసుకున్నాను. కర్ర చెక్కే బాడిస, పొద్దున్నే నూరినది. ఆత్మకూరు బస్సు ఎక్కాను.

*

మేడ మీద ఒక్క గది. తలుపు తీసే ఉంది. బల్లకు అటు అతను, ఇటు నా కూతురు, మధ్యలో నేను చెక్కిన పుల్లలు.

నన్ను చూడగానే అతను లేచి నిలబడ్డాడు. కుడిచెయ్యి ప్యాంటు జేబులో దూర్చేశాడు. కరిచిన కుక్కను చూస్తే పిల్లవాడు చెయ్యి దాచుకున్నట్టు. సంచిలోంచి బాడిస తీశాను. ఏం చేయాలనుకున్నానో నాకు స్పష్టంగా తెలుసు, అబద్ధం చెప్పను. మొదట బల్ల మీద ఉన్న పుల్లల టవరును నరికాను. బల్ల చెక్క లేచింది. రెండోసారి ఎత్తేసరికి తమన్నా నా మణికట్టు రెండు చేతులతో పట్టుకుంది. నేను ఎడమచేత్తో దాని చెంప మీద కొట్టాను. వదల్లేదు. ఇంకోసారి కొట్టాను. ముక్కులోంచి రక్తం కారి పెదవి మీదికి వచ్చింది. వదల్లేదు.

"మీ నాయన్ని చంపినోడు!"

"చూడమ్మీ. ఒక్క నిమిషం చూడు. చూసినాక నరుక్కో, నేనే పట్టుకుంటా ఈయన్ని."

"తమన్నా, ఆమెను వదిలెయ్. నువ్వు బయటికి పో," అన్నాడు బాలాజీ. గోడకు ఆనుకుని ఉన్నాడు. పారిపోవడానికి దారి నా వెనక ఉంది.

తమన్నా ఒక చేత్తో నా చేతిని పట్టుకునే ఉండి, ఇంకో చేత్తో జానెడున్నర పుల్ల ఒకటి తీసి బల్ల మీద నిలబెట్టింది. "నీ ఎడమ వేలితో పైనుంచి నొక్కు."

ఎందుకు నొక్కానో తెలియదు. అది నేను చెక్కిన పుల్ల, అందుకేనేమో. కొంచెం నొక్కగానే నడుమ దగ్గర విల్లులా వంగి ఎగిరిపోయింది. ఆ వంపు నేను చూశాను. కింది కాలు మోకాలు మడిచినట్టు. మే నెల, మూడు గంటలు.

తమన్నా అలాంటి పుల్లే ఇంకొకటి నిలబెట్టింది. ఈసారి బొటనవేలు, చూపుడువేలు పుల్ల నడుముకు ఊరికే తాకించి ఉంచింది. "ఇప్పుడు నొక్కు."

నొక్కాను. వంగలేదు. ఇంకా నొక్కాను. నా వేలు సొట్టపడింది. పుల్ల అలాగే ఉంది.

"నువ్వు గట్టిగా పట్టుకున్నావు," అన్నాను.

"లేదమ్మీ. నా వేళ్ళ మీద బరువే లేదు. తగిలీ తగలనట్టు ఉండాది. కానీ అది పక్కకు పోవాలనుకున్నప్పుడల్లా నా వేలు అడ్డం వస్తా ఉండాది. నడుముకు అడ్డం ఉంటే పుల్లకు నాలుగింతల బలం. టవరు కాళ్ళ మధ్యలో ఉండే చిన్న ముక్కలు చేసే పని ఇదే. లెక్క వేస్తే వాటి మీద బరువు సున్నా వస్తుంది. తీసేస్తే టవరు కదలదు కూడా. పెద్ద గాలి వచ్చేదాకా."

బాలాజీ గోడ దగ్గర నుంచే మెల్లగా అన్నాడు. "మార్చి నెలలో నేను వచ్చి చూసినానమ్మా. ఇరవై ఆరు ముక్కలు పోయినాయి. ఒక్కో ముక్క మీద నెంబరు గుద్ది ఉంటుంది, ఏవేవి లేవో రాసి కంపెనీకి పంపినాను. టవరు ఎక్కొద్దని బోర్డు కట్టినాను. మీ ఆయనకు నోటితో కూడా చెప్పినాను, ముక్కలు వచ్చేదాకా ఎక్కొద్దు బాషా అని."

"ఏమన్నాడు?"

"నవ్వినాడు. అవి పని చేసే ముక్కలు కాదులే సార్ అన్నాడు."

బాడిస నా చేతిలో బరువైపోయింది. ఆ నవ్వు నాకు తెలుసు. ఆ మాటా తెలుసు.

నాలుగేళ్ళ కిందట మా ఆయన ఒక సాయంత్రం మూరెడు ఇనుప ముక్క తెచ్చి నా ముందు వేశాడు. మేము చెక్కే కర్ర పచ్చిగా, తడిగా ఉంటుంది. మామూలు ఇనుము తగిలితే నల్ల మచ్చ పడుతుంది, మచ్చ పడిన గరిటెను షాపువాళ్ళు వెనక్కి కొడతారు. టవరు ఇనుముకు తెల్ల పూత ఉంటుంది, అది మచ్చ వేయదు. "ఎక్కడిది?" అన్నాను. "టవరుది. చూడు, విప్పితే టవరు వణకను కూడా వణకలా. మంచానికి కోళ్ళు మోసినట్టు నాలుగు కాళ్ళు మోస్తాయి. ఇవి ఊరికే అందానికి." దిమ్మకు ఆయనే బిగించాడు. వారం తిరక్కుండా గఫార్ తనకూ ఒకటి కావాలన్నాడు. తర్వాత ఎదురింటి వాళ్ళు. మంచాలు, పీటలు ఎరిగిన వీధి మాది. కాలు మోస్తుంది, కమ్మి అందానికి. ఎవరికీ అనుమానం రాలేదు. అడిగిన ఇంటికల్లా ఒకటి.

"నీ దిమ్మకుండే ముక్క మీద నెంబరు నేను చూసినా," అంది తమన్నా. ముక్కు కింద రక్తం తుడుచుకోలేదు. "పద్నాలుగు. లెక్క కోసం ఈయన రాసిన కాగితం అడగడానికి వచ్చినా, దాంట్లో పద్నాలుగు ఉండాది. రెండు నెలల నుంచి నాకు తెలుసు. నీ నోటితో చెప్తావని చూస్తా ఉండాను. నాయన దాన్ని తెచ్చినాడు, నువ్వు దాని మీద గరిటెలు చెక్కినావు, ఆ గరిటెలు అమ్మి నన్ను చదివిచ్చినావు. ముగ్గురం ఉండాం దాంట్లో. ఈయన ఒక్కడే లేడు."

"నీకు తెలిసీ ఆ దిమ్మ మీదనే పుల్లలు చెక్కించుకున్నావా!"

"అవును."

దాన్ని ఇంకోసారి కొట్టాలనిపించింది. చెయ్యి లేవలేదు.

"సోమవారం ఆర్డీవో ఆఫీసులో విచారణ," అన్నాడు బాలాజీ. "ఆ ముక్కలు దొరక్కపోతే నేనే అమ్ముకున్నట్టు రాస్తారు. మీరు రావద్దులేమ్మా. నేను మిమ్మల్ని అడగడంలా."

అతని చెయ్యి ఇంకా జేబులోనే ఉంది.

*

శనివారం పొద్దున దిమ్మను తిరగేసి ముక్కను పెరికాను. పైన రంగు ఎప్పుడో గీకేశాం కానీ మూల మడతలో ఎర్ర రంగు మిగిలే ఉంది. మా ఆయన వేసిన రంగు. బిగించకుండా అమ్ముకున్న ముక్కకు రంగు ఉండదు కదా. దాన్ని కొంగులో పట్టుకుని పక్కింటికి పోయాను.

గఫార్ గరిటె గుంట తవ్వుతున్నాడు. తల ఎత్తలేదు. "ఏంది భాభీ, పొద్దున్నే?"

"నీ దిమ్మకుండే ముక్క ఇయ్యి. సోమవారం ఆత్మకూరులో ఇచ్చేయాల. వీధిలో అందరివీ."

అతను ఉలి కింద పెట్టాడు. విషయం చెప్పాను, పుల్ల సంగతితో సహా. అంతా విన్నాడు. విన్నాక లేచి నా చెంప మీద కొట్టాడు. పాతికేళ్ళలో నా మీద చెయ్యి ఎత్తని మనిషి.

"నా అన్న తన చావు తానే తెచ్చుకున్నాడని రాయిస్తావా? దొంగని రాయిస్తావా?"

"నీ అన్న ఒక్కడే కాదు. నువ్వూ, నేనూ."

"ఆ ఇంజనీరు మా అన్న బిడ్డకు ఏం మందు పెట్టినాడో, నీకూ పెట్టినాడు!"

"మందు కాదు. పుల్ల. నువ్వే నొక్కి చూడు."

"పుల్ల!" అని వెనక నుంచి అతని భార్య షాహిస్తా అందుకుంది. "మొగుడు పోయినాక పుల్లలతో ఆడుకుంటా ఉండారు తల్లీ కూతురూ. ఆడుకోండి. మా ఇండ్ల మీదికి పోలీసోళ్ళను తెచ్చినావంటే మాత్రం నిన్ను ఈ వీధిలో ఉండనియ్యం."

"తెస్తా. ఇయ్యకపోతే నేనే ఇల్లిల్లూ చూపిస్తా," అన్నాను. కోపంలో అన్నమాట. అది మధ్యాహ్నానికి వీధంతా పాకింది. పోలీసులు ఆదివారమే వస్తారని, ముక్క దొరికిన ఇంట్లో మగవాళ్ళను తీసుకుపోతారని పాకింది.

ఆదివారం పదకొండు గంటలకు మొదటి ముక్క మా రేకుల మీద పడింది.

పిడుగనుకున్నాను. తమన్నా బయటికి పోయి చూసి అరిచింది. "అమ్మీ, ముక్క! టవరు ముక్క!" అంతలో రెండోది వచ్చి వాకిట్లో కుండను పగలగొట్టింది. అవతల గోడ వెనక నుంచి ఎవరిదో గొంతు, "నీ మొగుడు తెచ్చింది మీ ఇంట్లోనే ఉండనీ!" ఇంకోటి వచ్చింది. రేకు చీలి ఇంట్లోకి దిగింది, నీళ్ళ బిందె మీద. పోలీసులు వచ్చేలోపు వదిలించుకోవాలి, దొరికితే మా ఇంట్లో దొరకాలి. అదీ వాళ్ళ ఆలోచన. కోపమూ ఉంది. ఊరికే వదిలించుకునే వాళ్ళయితే గడప దగ్గర పెట్టి పోతారు. వీళ్ళు గురి చూసి విసిరారు.

ఒకటి కిటికీ అద్దాన్ని పగలగొట్టి నా పాదం పక్కన దిగబడింది. ఒకటి మా కోడిని చంపింది. నడివీధిలో ఆడవాళ్ళు నిలబడి తిడుతున్నారు, మగవాళ్ళు విసురుతున్నారు. తలుపు వేసుకుని మూల నక్కమని తమన్నాకు చెప్పాను. అది బిర్యానీ దేగిసా నెత్తిన బోర్లించుకుని, చెవుల దగ్గర రెండు చేతులతో పట్టుకుని వాకిట్లోకి ఉరికింది.

"దెయ్యం పట్టినాదా నీకు!"

"మూడో నెంబరు! ఇది పదకొండు! ఇటు రెండు ఉండాయి, ఏరుకో అమ్మీ!"

దాని దేగిసా మీద ఒక ముక్క పడి గంట కొట్టినట్టు మోగింది. అది కూలబడి, లేచి, ఆ ముక్కనే తీసుకుని నెంబరు చదివింది. నాకు నవ్వూ ఏడుపూ ఒకటేసారి వచ్చాయి. నేనూ రోకలి అడ్డం పెట్టుకుని బయటికి పోయాను. మోచేతికి ఒక దెబ్బ తగిలింది, చర్మం ఊడింది. ఏరాం. పొద్దు వాలేదాకా ఏరాం. వాళ్ళు అలిసిపోయి ఇళ్ళల్లోకి పోయాక నేల మీద వరసగా పేర్చి తమన్నా బాలాజీ రాసిన కాగితం పక్కన పెట్టుకుంది.

"నీదాంతో కలిపి ఇరవై అయిదు. తొమ్మిదో నెంబరు లేదు."

తొమ్మిది ఎవరి దగ్గర ఉందో నాకు తెలుసు.

గఫార్ అప్పుడే వచ్చాడు. తలుపు తన్నుకుని వచ్చాడు, చేతిలో తొమ్మిదో ముక్క. విసరలేదు. వాటేసుకున్నట్టు పట్టుకుని ఉన్నాడు. మొహం ఏడ్చి ఏడ్చి వాచి ఉంది.

"దీన్ని నేనే అడిగి తీయించుకున్నా," అన్నాడు. "అన్న వద్దన్నాడు, అది కింది కాలిది వద్దులేరా అన్నాడు. నేనే పోరు పెట్టినా. ఇప్పుడు చెప్పు భాభీ. ఏ కాలు వంగింది?"

నేను తమన్నా వైపు చూశాను. దానికి తెలుసు. అది చెప్పలేదు. చెప్పకపోవడమే అతనికి చాలింది.

ముక్కను రెండు చేతులతో ఎత్తి నేల మీద పేర్చిన వరస మీద కొట్టాడు. ముక్కలు ఎగిరాయి. కాగితం లాక్కోబోతే తమన్నా అడ్డం పోయింది. దాన్ని జుట్టు పట్టుకుని గోడకేసి కొట్టాడు. "లెక్కలు చెప్తావా! నా అన్నను నేను చంపినానని లెక్క చెప్తావా!" మళ్ళీ ముక్క ఎత్తాడు. అది దాని తల మీద పడేది. నేను మధ్యలోకి పోయాను. నా కుడి భుజం మీద పడింది. లోపల ఏదో పుల్లలా టప్పుమంది. చప్పుడు నేనే విన్నాను.

కింద పడుతూ ఎడమచేత్తో ఆ ముక్కను పట్టుకున్నాను. అతను లాగాడు. వదల్లేదు. నన్ను నేల మీద గడప దాకా ఈడ్చాడు. వదల్లేదు. కడుపులో తన్నాడు. పంటితో అతని మణికట్టు కొరికాను, నోట్లోకి రక్తం వచ్చింది. అప్పుడు అతనే వదిలేశాడు. గడపలో చతికిలబడి, కొరికిన చేతిని ఒళ్ళో పెట్టుకుని, చిన్నపిల్లాడిలా "అన్నా, అన్నా" అని ఏడ్చాడు.

తమన్నా గోడ పట్టుకుని లేచింది. కనుబొమ్మ చీలింది. నా చేతిలోని ముక్కను చూసి, "ఇరవై ఆరు," అంది.

*

ఉదయగిరి ఆసుపత్రిలో భుజం ఎముక విరిగిందని గుడ్డ కట్టారు. సోమవారం పొద్దున ఆటో మాట్లాడుకుని ముక్కలన్నీ గోనెసంచుల్లో వేసుకుని ఆత్మకూరు పోయాం. గఫార్ ఇంట్లోంచి బయటికి రాలేదు. తలుపు సందులోంచి చూస్తున్నాడని మాత్రం తెలుసు.

విచారణ గదిలో అధికారి, రాసుకునే గుమాస్తా, కంపెనీ లాయరు, బాలాజీ. తమన్నా ఇరవై ఆరు ముక్కలను నేల మీద వరసగా పేర్చింది. మడతల్లోని ఎర్ర రంగు చూపించింది. పుల్లలు తెచ్చుకుంది, అధికారి చేతనే నొక్కించింది. ఆయన రెండుసార్లు నొక్కి, మూడోసారి ఎవరూ చెప్పకుండానే నొక్కాడు. లాయరు ఏదో అనబోతే, "మీరూ నొక్కండి," అన్నాడు.

"ఇవి ఎవరు విప్పినారమ్మా?" అని నన్ను అడిగాడు.

"నా భర్త లాల్ బాషా. అడిగింది మేము. వీధిలో అందరం."

గుమాస్తా రాసుకున్నాడు. అయిపోయిందన్నట్టు కాగితం నా వైపు తిప్పాడు సంతకానికి.

నేను సంతకం పెట్టలేదు. ఎడమచేత్తో సంచిలోంచి కొడతి తీసి బల్ల మీద పెట్టాను.

"ఇదేంది?"

"కొడతి సార్. దీని గురించి మీరు అడగలా. ఆ ఇంజనీరు వేళ్ళు దీంతో విరగ్గొట్టింది నేను. మూడు దెబ్బలు. ముక్కలు ఎవరు తీసినారని అతను అడగడం నేను విన్నా. అప్పుడే నా దిమ్మ నాకు గుర్తొచ్చింది. గుర్తొచ్చినాకనే మూడో దెబ్బ కొట్టినా. అదీ రాసుకోండి."

తమన్నా నా వైపు తిరిగి చూసింది. ఈ ఒక్కటి దానికీ తెలియదు.

గుమాస్తా అధికారి మొహం చూశాడు. ఆయన తల ఊపాక రాసుకోవడం మొదలుపెట్టాడు. అంతా రాసి చదివి వినిపించాడు. సంతకం పెట్టాను, ఎడమచేత్తో, వంకరగా.

"బాలాజీ గారూ, నెంబర్లు మీ రిపోర్టుతో సరిపోయినాయో లేదో ఒక్కొక్కటీ చదవండి," అన్నాడు అధికారి.

బాలాజీ బల్ల మీది కొడతిని చూశాడు. తర్వాత జేబులోంచి కుడిచెయ్యి బయటికి తీశాడు. రెండు వేళ్ళే వంగుతున్నాయి, బొటనవేలు, చూపుడువేలు. వంగి, ఆ రెండు వేళ్ళతో మొదటి ముక్కను పైకెత్తాడు.